భక్తి మఠాలకే పరిమితమా? పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ విషయంలో అపోహలు - వాస్తవాలు

విచారణలలో (కతోలిక సంఘాలలో) వడకాలు, అంటే ధ్యాన ప్రార్థనల కూటాలు, నడిపించే గురువుగా ఈస్టరుకు ముందు వచ్చే ప్రతి తపస్సుకాలంలోనూ నేను ఒకే బాధను వేరువేరు గొంతులలో వింటుంటాను. ఆ మధ్య ఒక వడకం చివరి రోజున ఒక తల్లి వచ్చి, "స్వామీ, మా అత్తగారు మంచం పట్టినప్పటి నుంచి ఉదయం పూజకు రాలేకపోతున్నాను, జపమాల సగంలోనే ఆగిపోతోంది. నా భక్తి పోయినట్టేనా?" అని అడిగి కన్నీళ్లు పెట్టుకున్నారు. ప్రార్థన తగ్గిన ఇంట్లో దీవెన నిలవదని ఎవరో ఆమెతో అన్నారట. ఇలాంటి మాటలు ఊరంతా మోసేవారి విషయంలో నాకు ఓర్పు లేదు. వాటిని నమ్మి నలిగిపోయేవారి కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: భక్తి జీవితం గురువులది, మఠకన్యలది. సంసారులు ఆ దారిలో నడవాలంటే ఇంటిపనులు తగ్గించుకుని మఠవాసులలా ప్రార్థించాలి.

వాస్తవం: సరిగ్గా ఈ అపోహను తొలగించడానికే, నాలుగు వందల ఏళ్ల క్రితం జెనీవా పీఠాధిపతిగా (బిషప్పుగా) ఉన్న పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ వారు 'భక్తి జీవితానికి ప్రవేశిక' అనే గ్రంథాన్ని రాశారు. 1609లో వెలువడిన ఆ పుస్తకానికి మూలం, తమ బంధువు భార్య అయిన లూయిజ్ ద షార్మోయిసీ అనే గృహిణికి ఆయన రాసి ఇచ్చిన ఆత్మీయ సలహాలే. దేవుని ప్రేమించే ఆత్మ అనే అర్థంలో 'ఫిలోతెయా' అన్న పేరు పెట్టి, ఆ పేరుతో సంసారంలో ఉన్న ప్రతి ఒక్కరినీ ఆయన పలకరించారు. మొదటి భాగం మూడవ అధ్యాయంలో, పీఠాధిపతి కర్తూసియ మునిలా ఏకాంతంలో ఉండిపోతే, పెళ్లయినవారు కపూచిన్ సన్యాసులలా ఏమీ కూడబెట్టకపోతే, చేతిపనివాడు రోజంతా దేవాలయంలోనే గడిపితే అది క్రమం తప్పిన భక్తి కాదా అని సూటిగా అడిగారు. సైనికుల మధ్య నుంచీ, పనివాని కొట్టు నుంచీ, రాజాస్థానం నుంచీ, దంపతుల ఇంటి నుంచీ భక్తిని వెళ్లగొట్టాలనుకోవడం పొరపాటు మాత్రమే కాదని, అది విశ్వాసానికే విరుద్ధమైన బోధ అని కూడా అక్కడే రాశారు. తేనెటీగ పువ్వును చెడగొట్టకుండా తేనె తీసుకున్నట్టు, నిజమైన భక్తి మన బాధ్యతలలో దేనినీ పాడుచేయదని, పాడుచేస్తే అది నిజమైన భక్తి కాదని ఆయన బోధ.

మూడవ భాగంలో మరో చోట, సియెన్నా పునీత కతెరీనమ్మ తన తండ్రి ఇంటి వంటగదిలో పొయ్యి రాజేసి, రొట్టెల పిండి పిసికి, ఆ పనులలోనే దేవునితో మాట్లాడిన తీరును ఆయన మెచ్చుకుంటారు. నేను ఆ తల్లికి ఈ భాగమే చదివి వినిపించాను. అత్తగారికి గంజి తాగించే సమయం ఆమె భక్తిలో నుంచి కోసుకుపోయిన సమయం కాదని, ఇప్పుడు ఆమె భక్తి ఉన్నది అక్కడేనని చెప్పాను.

ఈ మాట నేను పుస్తకంలో కన్నా ముందు మా కళ్లంలో నేర్చుకున్నాను. గురువిద్యార్థిగా సెలవులకు ఇంటికి వెళ్లిన ఒక సాయంత్రం, వాన మొదలైందని, ధాన్యం తడిసిపోతోందని నాన్న కేక వేస్తే, చేతిలో ఉన్న ప్రార్థన పుస్తకం ముగించి వస్తానని లోపలే కూర్చున్నాను. వెళ్లేసరికి అమ్మ నడుము నొప్పితోనే బరకాలు లాగి, పూర్తిగా తడిసి నిలబడి ఉంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నేను చదివిన కీర్తనలలో ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

అపోహ: అలాగైతే ఫ్రాన్సిస్ వారిది సులువైన దారి.

వాస్తవం: గృహస్థురాలికి కూడా వీలైతే తెల్లవారుజామునే రోజుకు ఒక గంట ధ్యానం చేయమని చెప్పినవారాయన. పనుల మధ్య చిన్న చిన్న మనవులు దేవునికి పంపుతూ ఉండమన్నారు. ఉపవాసం చేస్తూ మనసు నిండా పగ పెట్టుకున్నవాణ్ణి, ద్రాక్షరసంతో నాలుక తడపడానికి జంకి, చాడీలతో అదే నాలుకను పొరుగువాని రక్తంలో ముంచేవాణ్ణి ఆయన మొదటి అధ్యాయంలోనే నిలదీశారు. ఎంత ప్రార్థించామన్న లెక్క కన్నా ఇది చాలా కష్టమైన పరీక్ష.

పేర్ల విషయంలో జరిగే పొరపాట్లను త్వరగా చెప్పేస్తాను. ఈయన అస్సిసీ ఫ్రాన్సిస్ వారూ కాదు, ఫ్రాన్సిస్ శౌరివారూ (జేవియర్) కాదు. 1567లో సవాయ్ ప్రాంతంలో పుట్టి, 1602లో జెనీవా పీఠాధిపతియై, ఆ నగరం కాల్వినీయుల (ప్రొటెస్టంటుల) చేతిలో ఉన్నందున అన్నెసీలో నివసించి, 1622లో లియోన్‌లో మరణించారు. 1877లో శ్రీసభ (కతోలిక సంఘం) పండితులుగా ప్రకటితులయ్యారు. సలేసియన్ సభను స్థాపించినది ఈయన కాదు, ఆ సభకు ఈయన పేరు పెట్టిన డాన్ బోస్కో వారు. 1846లో విశాఖపట్నం చేరిన ఫ్రాన్సిస్ ది సేల్స్ మిషనరీల సభ కూడా 1838లో, అంటే ఆయన మరణించిన రెండు శతాబ్దాల తరువాత, అన్నెసీలో పుట్టింది. ఇక, ఫలానా ప్రార్థనను ఇంతమందికి పంపకపోతే కీడు జరుగుతుందని పునీతుల పేరిట తిరిగే సందేశాలు శ్రీసభ బోధ కావు. అలాంటి బెదిరింపు వస్తే వెంటనే చెరిపేయండి, ఏమీ జరగదు.

చివరి అపోహ: పునీతులకు ఇలాంటి భయాలు ఉండవు. వాస్తవం: ఫ్రాన్సిస్ వారు పారిస్‌లో చదువుకునే రోజులలో, పందొమ్మిదేళ్ల వయసులో, తాను నరకానికే నిర్ణయింపబడ్డానేమోనన్న నిరాశతో వారాల తరబడి కుంగిపోయారు. ఒక దేవాలయంలో మరియమాత స్వరూపం ముందు మోకరించి ప్రార్థించాకే ఆయనకు ఆ బరువు దిగింది. ఆ భయం తెలిసినవారు గనుకనే, పాపం తరువాత ఆత్మకు కలిగే కీడులన్నిటిలో ఆందోళనే పెద్దదని, వలలో పడ్డ పక్షి కొట్టుకునేకొద్దీ మరింత చిక్కుకుంటుందని నాలుగవ భాగం పదకొండవ అధ్యాయంలో రాశారు. మీకు ఆ తల్లికి కలిగిన భయమే ఉంటే, పుస్తకాన్ని మొదటి నుంచి మొదలుపెట్టకండి. మన మీద మనం మెత్తదనం చూపుకోవడం గురించి చెప్పే మూడవ భాగం తొమ్మిదవ అధ్యాయాన్ని ముందు తెరవండి.