కాలవలో నీళ్ళుండాలి, తూము తలుపూ ఎత్తాలి

అమలాపురం నుంచి ఒకాయన అడిగారు, "మా అక్కకి ఊపిరితిత్తుల కేన్సర్ ముదిరిందండి, ఇమ్యునోథెరపీ అంటున్నారు, కేన్సర్ వేక్సిన్ కూడా కలిపేయిస్తే మంచిదాండీ?" అని.

ఈ వేక్సిన్ జబ్బు రాకముందు వేసేది కాదు, వచ్చిన కేన్సర్ ఆనవాలు మన టీ కణాలకి, అంటే జబ్బుతో పోరాడే తెల్ల రక్తకణాలకి, చూపించేది. డెల్టా వాళ్ళకి కాలవ లెక్కలో చెప్తే ఇట్టే ఎక్కుద్ది. టీ కణాలు నీళ్ళు, కణితి శివారు చేను. టీ కణం మీద పీడీ-1 అనే ప్రోటీన్ ఉంటది, కణితి తన మీదుండే పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ని దానికి తగిలించిందా, తూము తలుపు దిగిపోయినట్టే, టీ కణం అక్కడే ఆగిపోద్ది. ఇమ్యునోథెరపీలో ఇచ్చే పెంబ్రోలిజుమాబ్ లాంటి చెక్‌పాయింట్ మందులు ఆ తలుపు ఎత్తుతాయి. పీడీ-1 కనిపెట్టిన తసుకు హోంజోకి, సీటీఎల్ఏ-4 అనే ఇంకో తలుపు సంగతి తేల్చిన జేమ్స్ ఆలిసన్‌కి 2018లో నోబెల్ ఇచ్చారు.

కానీ చాలా కణితుల్లోకి టీ కణాలే సరిగా చేరవు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, కాలవ ఎండాక తూములు చూసే లస్కరొచ్చి తలుపెంత ఎత్తితే మాత్రం చేను తడుస్తదా? నీళ్ళు వదిలే పని వేక్సిన్‌ది. అందులోని కణితి ముక్కని, ఆనవాళ్ళు మోసుకెళ్ళే డెండ్రైటిక్ కణం ఎంహెచ్‌సీ అనే పళ్ళెంలాంటి ప్రోటీన్ మీద పెట్టి లింఫ్ గ్రంథిలో చూపిస్తది, దానికి సరిపడే టీ కణం గబగబా పిల్లల్ని పెడద్ది.

నన్ను ఎన్నాళ్ళైనా వదలని సంగతి ఇదీ. టీ కణాలు కణితిలో పని మొదలెట్టగానే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ వదుల్తాయి, అది తగిలితే కణితి పీడీ-ఎల్1 ఇంకా పెంచుకుంటది, అంటే నీళ్ళొస్తున్నాయని పసిగట్టి తలుపు తనే దించేసుకుంటది! ఉత్తి వేక్సిన్ చతికిలబడటానికి ఇదో పెద్ద కారణం. బళ్ళో రోగనిరోధక శక్తంటే పోరాటమనే చెప్తారు, ఆగడం కూడా దాని పనేనని చెప్పరు, అందుకే ఇమ్యూనిటీ పెంచే కషాయాలకి అంత గిరాకీ. తలుపులన్నీ ఎత్తేస్తే పక్క చేలు మునుగుతాయి, ఈ మందులతో పేగులు, థైరాయిడ్, ఊపిరితిత్తులు వాచేది అందుకే.

కలిపితే చాలా అంటే, ఏ నీళ్ళన్నదీ చూడాలి. 676 మంది ముదిరిన మెలనోమా (ఒక రకం చర్మ కేన్సర్) రోగులతో చేసి 2010లో బయటపెట్టిన ట్రయల్‌లో, సీటీఎల్ఏ-4 తలుపు ఎత్తే ఇపిలిముమాబ్ ఒక్కటే ఇస్తే మధ్యస్థ ఆయుష్షు 10.1 నెలలు, జీపీ100 వేక్సిన్ కలిపితే 10.0. ఆ జీపీ100 మామూలు రంగు కణాల్లోనూ ఉండే ప్రోటీన్, అందుకే టీ కణాలకి అది అంత పరాయిదిగా తోచదు. ఇప్పుడైతే ఒక్కో రోగి కణితిలో మాత్రమే ఉన్న మార్పుల్లోంచి 34 దాకా ఏరి ఎంఆర్ఎన్ఏ వేక్సిన్ చేస్తున్నారు. మెలనోమా తీసేసిన 157 మందిలో దీన్ని పెంబ్రోలిజుమాబ్‌తో కలిపి ఇస్తే, తిరగబెట్టే లేదా చనిపోయే ముప్పు ఆ మందొక్కటే ఇచ్చినోళ్ళ కన్నా 44% తగ్గింది.

అయితే వాళ్ళకి కణితి ముందే కోసి తీసేశారండి, మీ అక్కగారిది లోపలే ఉంది, ఆ లెక్క ఈవిడకి వర్తించదు. ముందు కణితి మీద పీడీ-ఎల్1 ఎంతుందో చూసే టెస్టులో ఎంతొచ్చిందో డాక్టరుగార్ని అడగండి. వేక్సిన్ కావాలంటే ట్రయల్‌లో చేరే వీలుందేమో కనుక్కోండి, అంతేగానీ లక్షలు కడితే వేక్సిన్ వేస్తామనే వాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి.