ఒక్క ఓటమితో కోచ్‌ను తూచవచ్చా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కళాశాల జట్లకు బాస్కెట్‌బాల్ నేర్పడం నా వృత్తి కాబట్టి, అమెరికాలో ఏటా మార్చిలో కళాశాల జట్ల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదలైందంటే, ఓడిన జట్టు కోచ్‌ను అభిమానులు ఇంకా నమ్మాలా అన్న ప్రశ్న నా ముందుకు వస్తూనే ఉంటుంది. అప్పుడు నేను ముందుగా చెప్పేది వర్జీనియా విశ్వవిద్యాలయానికి 2009 నుంచి కోచ్‌గా పనిచేసిన టోనీ బెనెట్ సంగతే.

అపోహ: చిన్న జట్టు చేతిలో చిత్తుగా ఓడితే కోచ్‌కు పని తెలియదని తేలిపోయినట్లే.

వాస్తవం: 2018 మార్చి 16న షార్లట్‌లో, ఆ సీజన్‌లో 31 గెలుపులు, 2 ఓటములతో ఒకటో సీడ్‌గా (సీడ్ అంటే బలాన్ని బట్టి ఇచ్చే ర్యాంకు; ఒకటి అన్నిటికంటే పైది, పదహారు అన్నిటికంటే కిందిది) వచ్చిన వర్జీనియా, పదహారో సీడ్ యూఎంబీసీ (మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం) చేతిలో 54-74 స్కోరుతో ఓడిపోయింది. అంతకుముందు పురుషుల టోర్నమెంట్‌లో ఇలాంటి పోటీలు 135 జరిగితే అన్నింటిలోనూ ఒకటో సీడ్ జట్లే గెలిచాయి. విరామానికి స్కోరు 21-21. ఆ తర్వాత యూఎంబీసీ 53 పాయింట్లు సాధించింది. వర్జీనియా ఆ ఏడాది ఒక మ్యాచ్ మొత్తంలో ప్రత్యర్థికి సగటున ఇచ్చినవి కూడా దాదాపు అన్నే. యూఎంబీసీ మూడు పాయింట్ల షాట్లు 24 వేసి 12 సాధించగా, వర్జీనియా 22లో నాలుగే సాధించింది. మణికట్టు విరిగిన వర్జీనియా ఆటగాడు డియాండ్రే హంటర్ ఆ రోజు ఆడనే లేదు. ఇది నాకౌట్ పోటీ కాబట్టి ఒక్క చెడ్డ రాత్రితో సీజన్ ముగిసిపోయింది; ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ తరహాలో ఏడు మ్యాచ్‌ల సిరీస్ అయి ఉంటే ఫలితం తారుమారయ్యేదని నా అంచనా.

అపోహ: అదంతా దురదృష్టమే, కోచ్ తప్పేమీ లేదు.

వాస్తవం: ఇది వీరాభిమానులు తమకు తాము చెప్పుకొనే ఓదార్పు. టోనీ తండ్రి డిక్ బెనెట్ రూపొందించిన 'ప్యాక్ లైన్' డిఫెన్స్‌లో, బంతి ఉన్న ఆటగాడిని ఒకరు ఒత్తిడి చేస్తుంటే మిగతా నలుగురు మూడు పాయింట్ల గీతకు లోపలే గుమికూడి బుట్ట దగ్గరికి దారి మూసేస్తారు. అందువల్ల బయటి నుంచి షాట్లకు కొంత చోటు మిగులుతుంది, ఆ రాత్రి యూఎంబీసీ వాడుకున్నది దానినే. పైగా బెనెట్ హయాంలో వర్జీనియా బంతిని చాలాసేపు తన దగ్గరే ఉంచుకుని నెమ్మదిగా ఆడేది. అలా ఆడినప్పుడు రెండు జట్లకూ దక్కే అవకాశాల సంఖ్య తగ్గుతుంది, అవకాశాలు తగ్గినకొద్దీ బలహీనమైన జట్టు అదృష్టవశాత్తూ నెగ్గే వీలు పెరుగుతుంది, వెనుకబడితే కోలుకోవడానికీ సమయం చాలదు.

అపోహ: అలాంటప్పుడు ఆ పద్ధతిని పూర్తిగా మార్చేయాలి.

వాస్తవం: బెనెట్ తన డిఫెన్స్‌ను వదులుకోలేదు. బంతి ఉన్న ఆటగాడికి దారి దొరికేలా సహచరుడు ప్రత్యర్థికి అడ్డుగా నిలబడే స్క్రీన్లను ఎక్కువగా వాడుతూ, దాడిని మాత్రం మార్చుకున్నాడు. మరుసటి ఏడాది తొలి రౌండ్‌లోనే పదహారో సీడ్ గార్డ్‌నర్-వెబ్ మీద 14 పాయింట్లు వెనుకబడినప్పుడు అందరికీ షార్లటే గుర్తుకు వచ్చి ఉంటుంది, కానీ వర్జీనియా 71-56తో గెలిచింది. సెమీఫైనల్లో 0.6 సెకన్లు మిగిలి ఉండగా కైల్ గై మూడు ఫ్రీ త్రోలనూ (ఫౌల్ జరిగినందుకు, ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లు) సాధించడంతో ఆబర్న్ మీద ఒక్క పాయింటుతో గట్టెక్కింది. 2019 ఏప్రిల్ 8న మినియాపొలిస్‌లో అదనపు సమయానికి వెళ్లిన ఫైనల్లో టెక్సాస్ టెక్‌ను 85-77తో ఓడించి విజేత అయింది. ఆ ఫైనల్లో 27 పాయింట్లు సాధించినవాడు, అంతకుముందు ఏడాది మణికట్టు విరిగిన హంటరే.

అపోహ: ఓపిక పడితే ఏ కోచ్ అయినా నెగ్గుకొస్తాడు.

వాస్తవం: డ్యూక్ విశ్వవిద్యాలయంలో కోచ్ మైక్ షెషెఫ్‌స్కీ తొలి మూడు సీజన్లలో 38 గెలిచి 47 ఓడాడు, ఆ తర్వాత అయిదు జాతీయ టైటిళ్లు సాధించాడు. అయితే అలాంటి ఆరంభంతోనే ఇంటికి వెళ్లిపోయిన కోచ్‌లను ఎవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి, ఈ ఒక్క ఉదాహరణతో లెక్క కట్టడం సరికాదు. మాట్ పెయింటర్ కోచ్‌గా ఉన్న పర్డ్యూ 2023లో పదహారో సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 58-63తో ఓడి, 2024లో ఫైనల్ దాకా వెళ్లి అక్కడ కనెక్టికట్ చేతిలో ఓడింది. ఓటమి తర్వాత కోచ్ మాటలకంటే, మరుసటి ఏడాది అదే జెర్సీ వేసుకోవడానికి ఎవరు తిరిగి వచ్చారన్నదే నేను ముందు చూస్తాను. వర్జీనియాకు గై, టై జెరోమ్, హంటర్ తిరిగి వచ్చారు, పర్డ్యూకు దాని ప్రధాన ఆటగాడు జాక్ ఈడీ తిరిగి వచ్చాడు.