స్టెంటు తర్వాత మిగిలే పని

గుండెపోటు వచ్చిన మనిషికి స్టెంటు వేశాక "నాళం తెరుచుకుంది" అని డాక్టరు చెబుతారు. హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రి క్యాథ్‌ల్యాబ్ (స్టెంటు వేసే గది) బయట చూసినా ఆ మాట కోసం ఎదురుచూసే కుటుంబం కనిపిస్తుంది. నిజంగానే అది ప్రాణం నిలిపే మాట. అయితే కొందరిలో నాళం తెరుచుకున్నా కండరానికి రక్తం అందదు.

స్టెంటు వేసేది సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పున్న ధమనిలో. కండరానికి ఆక్సిజన్ అందేది దాని చివరన ఉండే కేశనాళికల్లో. వాటి వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వందో వంతుకు మించదు. ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి ఒళ్లు ముడుచుకుని సాగాలి. రక్తం ఆగినప్పుడు ఆ నాళికల లోపలి పొర ఉబ్బుతుంది, తెల్లకణాలూ గడ్డల తునకలూ అడ్డుపడతాయి. అక్కడికి ఏ తీగా, ఏ బెలూనూ చేరదు.

మరి మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాలు, అక్కడికి చేరి నాళాలను బాగుచేస్తాయా? 1997లో శాస్త్రవేత్తలు అసహారా, ఇస్నర్‌ల బృందం పెద్దవాళ్ల రక్తంలోనే నాళాల లోపలి పొరగా మారగల కణాలున్నాయని చెప్పడంతో ఆశ మొదలైంది. 2001లో మరో బృందం, ఎముక మజ్జ కణాలు ఎలుకల్లో ఏకంగా గుండె కండరంగా మారాయంది. 2004లో వేరే బృందాలు పరీక్షించి, అలా మారడం లేదని తేల్చాయి. అప్పటికే మనుషులపై ప్రయోగాలు మొదలయ్యాయి. తుంటి ఎముక నుంచి మజ్జ తీసి, అందులోని కణాలను వేరుచేసి, క్యాథెటర్ అనే సన్నని గొట్టం ద్వారా గుండె ధమనిలోకి పంపేవారు. 2006 నాటి జర్మన్ ప్రయోగంలో గుండె పంపింగ్ శాతం (ప్రతిసారీ గుండె తనలోని రక్తంలో బయటికి నెట్టే వంతు) కణాలు అందినవారిలో 5.5 పాయింట్లు, అందనివారిలో 3 పాయింట్లు పెరిగింది. మరణాలు తగ్గుతాయా అని తేల్చడానికి 3,000 మందితో తలపెట్టిన ఐరోపా ప్రయోగంలో చేరింది 375 మందే. 2020లో వెలువడిన ఫలితం ఆ ప్రయోజనాన్ని నిరూపించలేకపోయింది.

గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఆ ఉరవడిలో, అలా పంపిన కణాల్లో అక్కడ నిలిచేవి నూటికి రెండు మూడు. ప్రయోగశాలలో పెంచిన మీసెంకైమల్ కణాలతో (మజ్జలో దొరికే మరో రకం మూలకణాలతో) ఇంకో చిక్కుంది: అవి కేశనాళిక కన్నా లావు. కుక్కల్లో ధమని ద్వారా ఎక్కించినప్పుడు అవే అడ్డుపడి చిన్న చిన్న గుండెపోట్లు తెచ్చాయి. నిలిచిన కాసిని కణాలూ నాళాలుగా మారడం అరుదు. అవి విడుదల చేసే వీఈజీఎఫ్ వంటి ప్రొటీన్లు పక్కనున్న నాళాలను చిగురించమని పురిగొల్పుతాయి. గోడ కట్టే మేస్త్రీలనుకున్నవి కబురు చెప్పి వెళ్లే చుట్టాలయ్యాయన్నమాట. నా దృష్టిలో ఈ రంగం నేర్చుకున్న అతి విలువైన సంగతి ఇదే. అందుకే ఇప్పుడు చాలామంది కణాలను పక్కనపెట్టి ఆ కబురునే మందుగా ఇవ్వాలని చూస్తున్నారు.

మూలకణాలు ఎక్కడా పనిచేయవని కాదు. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ రసాయనాలతో కాలిన కళ్లకు మూలకణాలతో చూపు తెప్పిస్తోంది. బాగున్న కంటిలో కార్నియా (కంటి ముందున్న పారదర్శక పొర) అంచు నుంచి మూలకణాలున్న 2 మిల్లీమీటర్ల ముక్క తీసి, తునకలు చేసి, కాలిన కంటి కార్నియాపై అతికించే పద్ధతిని అక్కడి వైద్యులే 2012లో ప్రచురించారు. కార్నియా పలుచన, పైగా రక్తనాళాలు లేనిది. కణాలను కళ్లెదుటే అమర్చవచ్చు. గుండెలో ఈ వెసులుబాటు ఒక్కటీ లేదు.

కాబట్టి కంటి విజయాన్ని చూపించి ఎవరైనా గుండెకూ మూలకణాలు ఎక్కిస్తామని లక్షలు అడిగితే ఆగండి. ఆమోదం పొందిన ప్రయోగానికి బయట ఇలాంటి చికిత్స ఇవ్వకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది ప్రయోగమే అయితే జాతీయ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దాని నంబరు ఉంటుంది. పరిశోధన ఖర్చును రోగి మీద వేయకూడదు. బిల్లు కట్టే ముందు ఆ నంబరు అడగండి.