తెల్లారి నాలుగ్గంటల దబ్ దబ్

చి. బుజ్జికీ, చి. చిన్నోడికీ తాత ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అవ్వ మోకాళ్లు మాత్రం ఎప్పటిలాగే.

బెంగళూరు ఫ్లాట్‌లో మీ బాత్రూం పైపు రాత్రిపూట ఊళ వేస్తోందని ఫోన్‌లో చెప్పారు కదా. మీ నాన్న ప్లంబర్‌ను పిలుస్తానంటున్నాడట. పిలవనీండి. ఈలోగా రెండు రోజులు మీరు చెవి పెట్టి వినండి. ఎందుకంటారా, నేను మోసపోయాను కాబట్టి.

ఎండాకాలం సెలవుల్లో మన అనంతపురం ఇంట్లో తెల్లారి నాలుగ్గంటలకు గోడలో దబ్ దబ్ మంటే, దయ్యమని చిన్నోడు అవ్వ కొంగు పట్టుకున్నాడు, గుర్తుందా? ఆ దయ్యాన్ని పట్టడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆరొందలు ఖర్చు కూడా. శబ్దం బాత్రూం గోడలోంచి వస్తోంది కదా అని ముందు అక్కడి కొళాయి మార్పించాను. కొత్త కొళాయి తళతళా మెరిసింది, దబ్ దబ్ ఎక్కడికీ పోలేదు. పైపు వెంట శబ్దం పాకిపోతుందర్రా. పుట్టేది ఒకచోట, వినబడేది ఇంకోచోట. ఎక్కడ వినబడిందో కాదు, ఎప్పుడు వినబడిందో చూడాలని అప్పుడు తెలిసొచ్చింది.

క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టాను. రోజు విడిచి రోజు వస్తోంది. మన వీధికి మునిసిపాలిటీ నీళ్లు వదిలేదీ రోజు విడిచి రోజే! తుంగభద్ర నీళ్లు హెచ్చెల్సీ అనే ఎగువ కాలువ మీదుగా పీఏబీఆర్‌కు, అంటే పెన్న అహోబిలం జలాశయానికి చేరి, అక్కణ్ణుంచి మన ఊరికి వస్తాయి. ఇంత దూరం వచ్చి మా గోడలో ఎందుకు తన్నుకుంటున్నాయో? అదీ వచ్చీరాగానే కాదు, గంట తర్వాత, సంపు నిండబోయేటప్పుడు.

టార్చి వేసి చూస్తే తెలిసింది. (సంపు మూత మీరు ఎప్పుడూ ఎత్తొద్దు, పెద్దవాళ్లు పక్కనుంటే తప్ప.) నీళ్లు పైకొచ్చే కొద్దీ తేలే బంతి లేచి, దాని కాడ వాల్వ్‌ను మూస్తుంది. పడే ధారకు నీళ్లలో అలలు లేస్తున్నాయి. అల మీద బంతి ఎగిరితే వాల్వ్ మూసుకుంటుంది, దిగితే తెరుచుకుంటుంది. మూసుకున్న ప్రతిసారీ పైపు ఒక దెబ్బ తింటోంది.

నీళ్లకు అంత బలమా అంటారేమో. అరంగుళం పైపు పది మీటర్ల పొడవుంటే అందులో నీళ్లు దాదాపు 1.8 లీటర్లు, అంటే 1.8 కిలోల బరువు. ఆ బరువంతా పరుగెత్తుతూ ఉంటే ఎదురుగా టక్కున తలుపు వేసినట్టు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీళ్లు ఇనుప పైపులో ఒక్కసారిగా ఆగిపోతే, పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు ఇచ్చే ఒత్తిడికి పదింతలకు పైనే లేస్తుంది. దీన్ని వాటర్ హ్యామర్ అంటారు, నీళ్ల సుత్తి. వాషింగ్ మెషీన్ నీళ్లు పట్టడం ఆపగానే ఠక్కుమనేదీ ఇదే.

వాల్వ్‌లో అరిగిన వాషర్ మార్చాను. బంతి కాడకు తీగ కట్టి, కోసిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి నీళ్లలో మునిగేలా వేలాడదీశాను. డబ్బా నిండా నీళ్లే కాబట్టి బంతి ఇక ఎగిరెగిరి పడదు. అవ్వకు ఆ డబ్బా పోయిందని కోపం. దయ్యం పోయిందని సంతోషం లేదు.

మిగతావాటికి ఇంత కథ లేదు. సాయంత్రం మిద్దె మీది ప్లాస్టిక్ పైపు టిక్ టిక్ మంటే ఎండ దిగి అది కుదించుకుంటోందని అర్థం. ఇరవై డిగ్రీల తేడాకు పది మీటర్ల పైపు సెంటీమీటరుకు పైనే సాగి ముడుచుకుంటుంది, భయం లేదు. సింకు గుడగుడమంటే కాలువ పైపులో అడ్డం పడి ఉంటుంది, లేదా మిద్దె మీది గాలి గొట్టంలో పిట్ట గూడు కట్టి ఉంటుంది. బోరు మోటరు గులకరాళ్లు తిప్పినట్టు గరగరమంటే మాత్రం వెంటనే ఆపేయమని పెద్దవాళ్లకు చెప్పండి. మన జిల్లాలో బోర్లలో నీళ్లు దిగిపోవడం మామూలే, ఒట్టిగా తిరిగితే మోటరు కాలిపోతుంది. కొళాయిలన్నీ కట్టేసినా సుయ్యిమంటే ఎక్కడో కారుతోందన్నమాట. ముందు ఫ్లష్ ట్యాంకులో చిటికెడు పసుపు వేసి, పావుగంట ఎవరూ నొక్కకుండా చూడండి. కింద పచ్చగా దిగితే దొంగ దొరికినట్టే.

ఇక మీ ఊళ. రాత్రి అపార్ట్‌మెంట్‌లో అందరూ కొళాయిలు కట్టేశాక పైపుల్లో ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు వాల్వ్‌లో వదులైన వాషర్ ఏదైనా ఉంటే, సన్నగా దూరే నీళ్లకు నాదస్వరం పీకలా అదురుతుంది. ఎవరైనా ఫ్లష్ చేశాక, ట్యాంకు నిండబోతుండగా ఊళ మొదలవుతోందా? అయితే ట్యాంకు కింద గోడకున్న యాంగిల్ కాక్‌ను, అంటే ట్యాంకుకు నీళ్లు కట్టేసే చిన్న కొళాయిని, నాన్నతో సగం కట్టించండి. ఊళ మారినా ఆగినా, ఫ్లష్ ట్యాంకు వాల్వే అనుకోవచ్చు. ఏం మారకపోతే ఊళ వేసిన టైము రాసిపెట్టి, ఆదివారం ఫోన్ చేయండి. చిన్నోడా, ఊళ ఎలా ఉందో నువ్వు చేసి వినిపించాలి.

ఇట్లు,
మీ తాత