కోశాక కూడా ఊపిరి తీసే టమాటా

"ఎండుమిర్చిని ఏసీ గోదాముల్లో నెలల తరబడి దాస్తారు కదా, టమాటాని రోడ్డు మీద పారబోసే బదులు అలా ఎందుకు దాచరు?" అని ఒక పాఠకుడు అడిగారు. మదనపల్లెలో ధర పడిపోయినప్పుడల్లా వినిపించే ప్రశ్నే. ధరల గొడవ పక్కనపెట్టి కాయ లోపలికి వెళ్దాం.

ఎండుమిర్చిలో తేమ పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, జీవక్రియ దాదాపు ఆగిపోయి ఉంటుంది. టమాటాలో సుమారు 94 శాతం నీరే. పైగా కోశాక కూడా అది బతికే ఉంటుంది. ఆక్సిజన్ పీల్చి, తనలోని చక్కెరను కరిగించి, కార్బన్ డయాక్సైడ్‌నీ వేడినీ వదులుతుంది. (బళ్ళో శ్వాసక్రియ అనగానే ఊపిరితిత్తుల బొమ్మ గీయిస్తారు. బుట్టలో కూరగాయ చేసేదీ అదే పనని ఎవరూ చెప్పరు!) తొక్క మీద పత్రరంధ్రాలు (ఆకులకుండే గాలి ఆడే సన్నని రంధ్రాలు) ఉండవు కాబట్టి ఈ రాకపోకలు ఎక్కువగా తొడిమ ఊడిన మచ్చ గుండానే సాగుతాయి. చెట్టు నుంచి రాబడి ఆగిపోయింది, ఖర్చు మాత్రం ఆగలేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి.

ఎంత వేగంగా కరుగుతాయన్నది వేడిని బట్టి ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే శ్వాస వేగం రెండు మూడు రెట్లవుతుంది. అంటే 15 డిగ్రీలతో పోలిస్తే 35 దగ్గర నాలుగు నుంచి తొమ్మిది రెట్లు! మధ్యాహ్నం కోసిన కాయ నాలుగు గంటలు ఎండలో గట్టున ఉందంటే, చల్లటి చోట కనీసం 16 గంటల్లో అయ్యే ఖర్చు అప్పటికే అయిపోయిందన్నమాట. లారీలో కిక్కిరిసిన క్రేట్ల మధ్య ఆ కాయల వేడే కాయల్ని మరింత తొందరపెడుతుంది. పండేవి వదిలే ఎథిలీన్ అనే వాయువు పక్కవాటినీ పండిస్తుంది. తమాషా ఏమిటంటే 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారవదు. కాయ మెత్తబడుతుంది, రంగు మాత్రం పసుపు, నారింజ దగ్గరే ఆగిపోతుంది.

మరి బాగా చల్లబరిస్తే? టమాటా ఉష్ణదేశపు పంట. 10 డిగ్రీల కింద రోజుల తరబడి ఉంచితే కణపొరల్లోని కొవ్వులు బిగుసుకుని, లోపలి అయాన్లు బయటికి కారతాయి. అలాంటి పచ్చికాయ తర్వాత సరిగా పండదు, గుంటలు పడి బూజు పడుతుంది. 5 డిగ్రీల్లో వారం ఉంచిన పండ్లలో సువాసననిచ్చే జన్యువులు మూగబోతాయని 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. పచ్చికాయకు సరిపడేది 13 డిగ్రీల చుట్టుపక్కల. అక్కడ కూడా దక్కేది వారాలే, నెలలు కాదు.

అందుకే నా దృష్టిలో పెద్ద గోదాము కంటే తెల్లవారుజామున కోయడం, కోసిన వెంటనే నీడకు చేర్చడం ముందు జరగాలి. ఇంట్లో అయితే దోరకాయల్ని బయటే ఉంచండి. బాగా పండినవాటిని ఫ్రిజ్‌లో పెట్టినా రెండు మూడు రోజుల్లో వాడేయండి.