మెత్తటి గుడ్డు పెట్టే పెట్టకు ఏం మేపాలి?

చిన్నీ, చింటూ,

మీ ఉత్తరం చదివి మీ జేజికి కూడా వినిపించినా. మీ పెట్ట మిక్చరు పెంకు లేని గుడ్డు పెడుతోందని, వేలితో నొక్కితే సొట్ట పడుతోందని రాసినారు. అమ్మ వేసుకునే కాల్షియం మాత్ర నూరి పెట్టమంటావా అని అడిగినారు. వద్దు. ఆ మాత్రల్లో చాలావాటికి విటమిన్ డి కూడా కలిపి ఉంటుంది. అంత చిన్న ప్రాణానికి ఎంత ఎక్కువో మనం లెక్క కట్టలేం, హద్దు దాటితే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

పోయినేడు మనింటి గోడలకు గిలాబు పూసిన మేస్త్రీ గుర్తున్నాడు గదా? మిక్చరు కడుపులో అట్లాంటోడు ఒకడున్నాడనుకోండి. పచ్చసొన చుట్టూ తెల్లసొన చేరి, దాని మీద పలచటి పొర కప్పుకోవడం నాలుగైదు గంటల్లో ముగుస్తుంది. ఆ పొర మీద గిలాబు చేసేదే మేస్త్రీ పని. ఒక్క గుడ్డుకు 20 గంటల దాకా తీసుకుంటాడు, అందులో ఎక్కువ భాగం రాత్రి పూటే. ఒక్కో పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. రాత్రి అంగడి మూసేసి ఉంటుంది, అంటే కోడి నిద్రపోతుంటుంది. సాయంత్రం తిన్న సరుకు కందనకాయలో నిలవ ఉండి, కొంచెం కొంచెంగా అరుగుతూ అందితే సరే. అందకపోతే మేస్త్రీ చేతులు కట్టుకొని కూర్చోడు, సొంత ఇంటి గోడనే గీకుతాడు. కాళ్ల ఎముకల్లోంచి కాల్షియం లాగుతాడన్నమాట. అట్లా రోజూ గీకితే కోడి కుంటుతుంది, ఒకరోజు లేవలేక కూలబడుతుంది.

సరుకు ఉంటే చాలదు, దాన్ని మోసుకొచ్చే కూలీ కూడా ఉండాలి. ఆ కూలీయే విటమిన్ డి. ఒంటికి ఎండ తగిలితే తయారవుతుంది. మీరేమో బాల్కనీలో, అద్దం వెనక, గంప కింద మూసి పెట్టినామంటిరి. అద్దంలోంచి వచ్చే ఎండకు ఆ కూలీ పనికి రాడు. పొద్దున్నే ఓ గంట మిద్దె మీద వదలండి.

మధ్యాహ్నం మాత్రం నీడలోనే ఉంచాల. ఇక్కడ నా మేస్త్రీ కథ తెగిపోతుంది. ఎండకు రొప్పే మేస్త్రీని చూసినా గానీ, రొప్పినందుకు సున్నం కరువైనోణ్ణి నేను చూళ్లేదు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. ఆ రొప్పులో బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. పెంకు గట్టిపడాలంటే కాల్షియంతో పాటు అది కూడా కావాలి. మన కడప ఎండల్లో పెంకులు పలచబడేది అందుకే. చల్లటి నీళ్లు పెట్టండి, మేత పొద్దున, సాయంత్రం వేయండి.

ఇప్పుడు మేత సంగతి. అన్నం, బొరుగులు, మిగిలిన ఉగ్గాని వేస్తున్నామంటిరి. పొట్ట నిండుతుంది, అంతే. ఉగ్గానిలో ఉప్పు, నూనె, ఎర్రగడ్డలు దానికి మంచివి కావు. గుడ్లు పెట్టే కోళ్ల దాణా అని అడిగితే ఇస్తారు. అందులో మాంసకృత్తులు 16, 17 శాతం, కాల్షియం మూడున్నర నుంచి 4 శాతం ఉంటాయి. మిగతావన్నీ చిరుతిండి కిందే లెక్క. కోడిపిల్లలకు మాత్రం ఆ దాణా వేయకండి, అంత కాల్షియం వాటికి చేటు.

పెంకూ, మన ఇంట్లో పరిచిన బండా రెండూ సున్నపు సరుకే. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. అట్లని బండ నూరి పెట్టేరు! జేజి వక్కాకు సున్నం అసలే వద్దు, నోరు కాలుతుంది. గుడ్డు పెంకులు ఉడకబెట్టి, ఎండబెట్టి, నలిపి పెట్టండి, లేదా ఆల్చిప్పల పొడి కొనండి. పెంకులను గుర్తు పట్టనంత చిన్నగా నలపాల, లేకుంటే తన గుడ్డునే పొడుచుకొని తినడం మరుగుతుంది.

సంచి అడుగున మిగిలిన శెనక్కాయలు వేస్తున్నామని రాసినారే, అవి వెంటనే పారేయండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినాయి. ఏం తెగులో ఎవరికీ అంతుబట్టలేదు. చివరికి తేలిందేమంటే, దాణాలో కలిపిన శెనక్కాయ చెక్కకు బూజు పట్టి ఉంది. ఆ బూజు విషమే అఫ్లాటాక్సిన్, కాలేయాన్ని తినేస్తుంది. మనుషులు తినలేనిది కోడికి వేస్తే పుణ్యం అనుకుంటాం మనం. సాకే జీవానికి మనం తినగలిగిందే పెట్టాల.

మా చిన్నప్పుడు దాణా అన్న మాటే లేదు. పగిలిన కుండలో తడి గోనెపట్ట, పేడ, చొప్ప కుక్కి, సాయంత్రం చెదపుట్ట మీద బోర్లించి వచ్చేవాణ్ణి. తెల్లారి తెచ్చి వాకిట్లో దులిపితే చెదలు గుట్టగా రాలేవి. తల్లిపెట్ట వెంటనే తినేది కాదు. ఒక పురుగును ముక్కుతో ఎత్తేది, కింద వేసేది, కుక్కుక్కుమని పిలిచేది, మళ్లీ ఎత్తేది. పిల్లలు పరుగెత్తి వచ్చేదాకా అదే పని. నేను బడికి ఆలస్యమై దెబ్బలు తిన్న రోజులు చాలానే ఉన్నాయి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. మిక్చరు తోక దించి, నిటారుగా నిలబడి ముక్కుతుంటే, మేత ముట్టకపోతే, గుడ్డు లోపల అడ్డం పడి ఉండొచ్చు. అప్పుడు నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, నాయన్ను తీసుకొని పశువుల ఆసుపత్రికి పోండి.

పెంకుల పొడి దాణాలో కలపొద్దు. వేరే చిప్పలో, పక్కన పెట్టండి. గుడ్డు పెట్టే కోడికి పొద్దు వాలేసరికి సున్నం మీద ఆకలి వేస్తుంది, పుంజుకు అట్లా వేయదు. గడియారం చూడకుండా, కడుపులో గుడ్డు ఎంతవరకు వచ్చిందో ఎవరూ చెప్పకుండా దానికెట్లా తెలుస్తుందని మీరడిగితే నేనేం చెప్పేది? రేపు ఐదు గంటలకు టీవీ కట్టేసి, రెండు చిప్పలూ పెట్టి కదలకుండా కూర్చోండి. ఏ చిప్ప దగ్గరికి ఎప్పుడు పోయిందో రాసి పంపండి.

మీ జేజినాయన