కార్గో సైకిల్‌కి మోటార్ పెట్టించే ముందు: వాట్ల మీద అపోహలు, వాస్తవాలు

కార్గో సైకిల్‌కి మోటార్ బిగించమని వచ్చేవాళ్లలో చాలామంది మొదటి మాటే "అన్నా, ఎన్ని వాట్లది పెడతావు?" బండి ఎంత బరువు మోస్తోంది, దారిలో ఎత్తులున్నాయా, బ్రేకులు ఎలాంటివి, వెనక చక్రం ఏ స్థితిలో ఉంది... ఇవేవీ మాటల్లోకే రావు. వీడియోలు చూసి, వాళ్లూ వీళ్లూ చెప్పింది విని, వాట్లు పెరిగితే బరువు లాగుతుందని ముందే నిర్ణయించుకుని వస్తారు. రిపేరుకి నా ముందుకొచ్చే బళ్లలో జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నది ఈ ఒక్క నమ్మకం వల్లే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: వాట్లు ఎక్కువైతే ఎక్కువ బరువు లాగుతుంది

మోటార్ ఉండే హబ్ (చక్రం మధ్య భాగం) మీద 1000 అనో 1500 అనో ఉన్న అంకెను పక్కన పెట్టండి. మోటార్‌కి ఎంత పవర్ వెళ్లాలో తేల్చేది కంట్రోలర్. 48 వోల్టుల బ్యాటరీ, 20 ఆంపియర్ల కంట్రోలర్ ఉంటే బ్యాటరీ నుంచి వచ్చేది సుమారు 960 వాట్లే. హబ్ మీద ఏం రాసున్నా అంతకు మించి రాదు.

ఇప్పుడు ఎత్తు సంగతి. బండి, నడిపే మనిషి, సరుకు అన్నీ కలిపి 200 కిలోలు అనుకుందాం. 100 మీటర్లు పోయేసరికి 8 మీటర్లు పైకెక్కే దారి. ఆ ఎత్తు మీద బండిని వెనక్కి గుంజే బలం సుమారు 157 న్యూటన్లు. టైర్ల దగ్గర పోయేదానికి ఇంకో 20 కలపండి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రం దగ్గర అందాల్సింది దాదాపు 490 వాట్లు. అందులో ఒక 100 వాట్లు మనిషి కాళ్లే ఇస్తాయి. అంటే నిండా సరుకున్న బండికి, అంత ఎత్తు మీద కూడా, 1500 వాట్ల పని లేదు.

మరి అంత పెద్ద మోటార్ పెట్టిన బండి సగం ఎత్తులో ఎందుకు ఆగిపోతుంది? ఎత్తు అడిగేది టార్క్‌ని, అంటే చక్రాన్ని తిప్పే బలాన్ని. ఇదే ఎత్తుకి 26 అంగుళాల చక్రమైతే 58 న్యూటన్ మీటర్ల దాకా కావాలి, 20 అంగుళాల చక్రమైతే 45 చాలు. డైరెక్ట్ డ్రైవ్ హబ్‌లో మోటార్ చక్రంతో పాటే తిరుగుతుంది, మధ్యలో గేరు ఉండదు. నడక వేగంతో ఎక్కుతున్నప్పుడు మోటార్ కూడా అంతే నెమ్మదిగా తిరుగుతూ ఆ టార్క్ మొత్తం ఇవ్వాలి. అంటే కరెంటు గుంజాలి. కరెంటు రెట్టింపైతే వైండింగ్‌లో (మోటార్ లోపలి రాగి తీగ చుట్టలో) పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. బ్యాటరీ ఇచ్చే శక్తిలో పెద్ద భాగం ఆ ఎత్తు మీద వేడిగా పోతుంది.

పార్సిళ్లు తిప్పే ఒకాయన సంగతి చెప్పాలి. పెట్టె ముందుండే పొడవాటి సైకిల్, మోటార్ వెనక పెద్ద చక్రంలో. మొదట పెట్టించిన మోటార్ ఎత్తు మీద ఆగిపోతోందని తీసేసి దానికంటే పెద్దది పెట్టించాడు. అదీ ఆగిపోయింది. "అన్నా, నాకు డూప్లికేట్ మోటార్ అంటగట్టారు" అంటూ వచ్చాడు. ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువుంది, ఆ బండి మీదే ఇల్లు గడవాలి కదా. సరుకుతోనే ఎత్తు దాకా వెళ్లి చూశాం. ఆగిపోగానే హబ్ మీద చెయ్యి పెట్టాను. ఒక్క క్షణం కూడా ఉంచలేకపోయాను. మోటార్ అసలుదే, ఆ వేడికి కాలిపోకుండా తనని తాను ఆపేసుకుంటోంది. ఆయనకి పనికొచ్చింది అంతకంటే తక్కువ వాట్లున్న, లోపల గేర్లున్న హబ్. అందులో మోటార్ చక్రం కంటే సుమారు అయిదు రెట్లు వేగంగా తిరుగుతుంది, కాబట్టి నెమ్మదిగా ఎక్కుతున్నా లోపల హాయిగానే ఉంటుంది. దాని నైలాన్ గేర్లు అరిగితే మార్చుకోవాలి. అయినా రెండో మోటార్‌కి ఆయన పెట్టిన డబ్బు ముందు అది చాలా చిన్న ఖర్చు.

ఎత్తులు మరీ ఎక్కువైతే పెడళ్ల దగ్గర పెట్టే మిడ్ డ్రైవ్ మేలు. సైకిల్‌కి ఉన్న గేర్లనే అది వాడుకుంటుంది. కాకపోతే చైన్, స్ప్రాకెట్లు తొందరగా అరుగుతాయి, గేరు ఎత్తు ఎక్కక ముందే మార్చుకోవాలి. చదును దారుల్లో తిరిగేవాళ్లకి డైరెక్ట్ డ్రైవ్ కూడా చక్కగా సరిపోతుంది, లోపల అరిగేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే నేను వాట్లు అడగను. "నిండు సరుకుతో మీరు ఎక్కాల్సిన గట్టి ఎత్తు ఏది? దాని మీద ఎంత వేగంతో పోతే మీకు చాలు?" అని అడుగుతాను. మీరు కూడా అమ్మేవాళ్లని ఇదే అడగండి. జవాబు చెప్పకుండా మళ్లీ వాట్ల మీదికే వస్తే ఆ దుకాణంలోంచి వచ్చేయండి.

ఇదే అపోహకి ఇంకో నష్టం ఉంది, అది యాక్సిల్ దగ్గర. హబ్ మోటార్ చక్రాన్ని ముందుకి తిప్పాలంటే యాక్సిల్‌ని అంతే బలంతో వెనక్కి నెట్టాలి. ఆ బలాన్ని ఆపేది యాక్సిల్‌కి రెండు పక్కలా చదునుగా కోసిన భాగం, అది కూర్చునే ఫ్రేమ్ గాడి, అంతే. వాట్లు పెంచుతారు, టార్క్ ఆర్మ్ (యాక్సిల్ తిరగకుండా ఫ్రేమ్‌కి పట్టి ఉంచే లోహపు పట్టీ) మాత్రం "ఎందుకులే" అనుకుంటారు. నట్టు కొంచెం వదులవుతుంది, గాడి తెరుచుకుంటుంది, ఒకరోజు యాక్సిల్ గిర్రున తిరుగుతుంది. మోటార్ వైర్లు ఆ యాక్సిల్ లోంచే బయటికి వస్తాయి, కాబట్టి అవి మెలిపడి తెగుతాయి. ఒకదానికొకటి తగిలాయంటే కంట్రోలర్ కూడా పోతుంది. ముందు చక్రంలో, అందులోనూ అల్యూమినియం ఫోర్క్‌లో ఇలా జరిగితే మనిషి కింద పడతాడు. అల్యూమినియం ఫోర్క్‌లో టార్క్ ఆర్మ్ లేకుండా నేను హబ్ మోటార్ బిగించను, ఎంత బతిమాలినా సరే. బ్రేక్ వేస్తే బ్యాటరీకి కరెంటు తిరిగొచ్చే ఏర్పాటుంటే యాక్సిల్ మీద బలం ముందుకీ వెనక్కీ మారుతుంటుంది. నట్లు ఇంకా తొందరగా వదులవుతాయి, రెండు వైపులా ఆర్మ్ పెట్టించుకోండి. నట్లు బిగించాక యాక్సిల్ చివర, నట్టు, టార్క్ ఆర్మ్ మూడింటి మీదుగా పెయింట్ పెన్‌తో ఒకే గీత గీయండి. గీత విరిగి కనిపించిందంటే ఏదో కదిలినట్టే, ఇక బండి ఎక్కొద్దు.

చక్రం చేత్తో తిప్పితే బిగుసుకుపోయినట్టు ఉందా? మోటార్ పోయిందని వెంటనే కొత్తది కొనకండి. కంట్రోలర్ నుంచి మోటార్‌కి వెళ్లే మూడు లావు వైర్లూ విప్పండి, అవి ఒకదానికొకటి తగలకుండా చూసి మళ్లీ తిప్పండి. చక్రం తేలికైతే పోయింది కంట్రోలర్.

అపోహ: బ్రేకులు ఉన్నవే చాలు, మోటార్ లాగడానికే కదా

మోటార్ వచ్చాక మీరు ఇంతకుముందు పెట్టని బరువు పెడతారు, ఇంతకుముందు పోని వేగంతో పోతారు. వేగం 20 నుంచి 30కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి రెండింతలు దాటుతుంది. 200 కిలోల బండి 50 మీటర్ల ఎత్తు నుంచి దిగితే బ్రేకుల మీద పడేది లీటరు నీళ్లని 23 డిగ్రీలు వేడెక్కించేంత శక్తి. దాన్నంతా పల్చటి డిస్క్, చిన్న ప్యాడ్లే మోయాలి. పిల్లల్ని ముందు పెట్టెలో కూర్చోబెట్టుకుని తిప్పే ఒక అమ్మ, దిగేటప్పుడు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తోందని వణికిపోతూ వచ్చింది. ఇంట్లోవాళ్లు "ఊరికే టెన్షన్ పడతావు" అన్నారట. ఆమె భయం నిజమైనదే. ప్యాడ్ల మీద రాపిడి పొర పూర్తిగా అరిగిపోయి ఇనుప రేకు డిస్క్‌ని గీరుతోంది. పెద్ద డిస్కులు, సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు వేశాం. మోటార్ బడ్జెట్‌లోంచి కోసైనా సరే ముందు బ్రేకులకి పెట్టండి. కొత్త డిస్క్ సాధారణంగా 1.8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 1.5కి వచ్చిందంటే మార్చేయాల్సిందే.

అపోహ: స్పోకులు టైట్ చేస్తే తెగుతాయి, లావువైతే తెగవు

రెండూ తప్పే. స్పోకు ఎక్కువగా తెగేది వదులుగా ఉండటం వల్లే. చక్రం తిరిగే ప్రతిసారీ కిందికొచ్చిన స్పోకు మీద బిగువు తగ్గుతుంది. ముందే వదులుగా ఉంటే పూర్తిగా జారి, మళ్లీ లాగబడి, హబ్ దగ్గర వంపులో అలసిపోయి విరుగుతుంది. హబ్ మోటార్లతో వచ్చే 12 గేజ్ లావు స్పోకులు (గేజ్ అంకె తగ్గేకొద్దీ స్పోకు లావు) చాలా రిమ్ములకి ఎక్కువ. వాటిని సరిగ్గా బిగించేలోపే రిమ్ లొంగిపోతుంది. నేను 13 లేదా 14 గేజ్‌వి వేసి గట్టిగా బిగిస్తాను. చక్రం కొత్తగా కట్టాక కొన్నాళ్లు సరుకుతో తిప్పి మళ్లీ ఒకసారి బిగువు సరిచూపించుకోండి. ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటితే శబ్దం ఇంచుమించు ఒకేలా రావాలి.

అపోహ: బ్యాటరీ పూర్తిగా దిగాకే చార్జింగ్ పెట్టాలి

పాత నికెల్ కాడ్మియం రోజుల మాట ఇది. లిథియం బ్యాటరీకి పూర్తిగా దిగిపోవడమే చేటు. ఎప్పుడు వీలైతే అప్పుడు పెట్టుకోండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జింగ్‌తో చల్లటి చోట ఉంచండి. ఖాళీ చేసి మూలన పడేస్తే లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) మిగిలిన కాస్త కూడా మెల్లగా తాగేస్తుంది.

కొత్త బ్యాటరీ కొనే ముందు కనెక్టర్ చూడండి. ఎత్తు మీద మాత్రమే కట్ అవుతోంటే చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. ప్లాస్టిక్ గోధుమ రంగుకి మారి, మెత్తబడి కనిపిస్తుంది. అది బాగానే ఉంటే అప్పుడు లోపలి సెల్ గ్రూపులు కొలిపించాలి.

అగ్నిప్రమాదాల వీడియోలు చూసి రాత్రులు నిద్రపట్టనివాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. మీ జాగ్రత్త మంచిదే, దాన్ని పనికొచ్చే చోట పెట్టండి. చార్జర్ ఆ బ్యాటరీదే కావాలి. 13 సెల్స్ వరుసగా ఉన్న 48 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ 54.6 వోల్టుల దగ్గర నిండుతుంది. 14 సెల్స్ దాని చార్జర్ 58.8 ఇస్తుంది. రెండింటికీ ప్లగ్ ఒకటే ఉండొచ్చు, అంతమాత్రాన మార్చి పెట్టకూడదు. కిందపడి సొట్ట పోయినా, నీళ్లలో మునిగినా, వాడకుండానే వేడెక్కినా, వాసన వచ్చినా ఇక చార్జింగ్ పెట్టొద్దు, ఇంట్లో ఉంచొద్దు. బయటికి వెళ్లే దారిలో, మంచం పక్కన చార్జింగ్ వద్దు. పాత సెల్స్‌లో కొత్తవి కలిపి "బాగు చేస్తాం" అనేవాళ్లకి బ్యాటరీ ఇవ్వకండి.

ఇంకా కొన్ని

వానలో తడిస్తే మోటార్ కాలిపోదు. వైరు హబ్‌లోకి వెళ్లే ముందు కిందికి వంగి, మళ్లీ పైకి వెళ్లేలా కట్టించండి, నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ప్రెషర్ పంపుతో మాత్రం కడగొద్దు.

బ్రేకు వేస్తే బ్యాటరీ నిండిపోదు. లోపల గేర్లున్న హబ్‌లకి మామూలుగా ఆ సదుపాయమే ఉండదు, ఉన్న వాటిలో కూడా తిరిగొచ్చేది కొంచెమే.

మూడు చక్రాలది పడదనుకోకండి. అది మలుపులో రెండు చక్రాల సైకిల్‌లా ఒరగదు, కాబట్టి వేగంగా తిప్పితే ఒక చక్రం లేస్తుంది. ముందు రెండు చక్రాలుండే రకంలో పెట్టె ఖాళీగా ఉన్నప్పుడే ఆ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే బరువంతా వెనక ఒంటి చక్రం వైపు ఉంటుంది. మోటార్ పెట్టించిన కొత్తలో సరుకు దింపి ఖాళీగా వచ్చేటప్పుడు మలుపుకి ముందే వేగం తగ్గించుకోండి.